లెక్కలోకి రాని రోజులు

మార్చి మూడో శనివారం. ఏమ్స్ ఊరి లైబ్రరీ, కింది అంతస్తు.
మడత బల్ల వెనక లోర్నా.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిందట,
ఇప్పుడు ఊరికే పన్ను కాగితాలు నింపి పెడుతోంది.

సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి పరిచాను:
పాస్‌పోర్టు, కాలేజీ పంపిన పది తొంభై ఎనిమిది టీ,
స్కాలర్‌షిప్ ఉత్తరం, నూడుల్స్ మరక పడ్డ ఇంకో ఫారం.
పెన్ను మొనతో చూపించింది:
ఫీజుకి పోయినదాని మీద పన్ను లేదు,
గదికీ భోజనానికీ ఇచ్చింది మాత్రం ఆదాయం.
అంటే చదువుకి లేదు, ఆకలికి ఉంది.
నేను నవ్వాను. ఆమె కళ్లజోడు తుడుచుకుంది.

తర్వాత, పోయినేడు నేనే పంపిన కాగితం.
పక్కగది ఫిలోమినా చెప్పింది అప్పుడు,
"ఆ యాప్‌లో కొట్టు, చదువుకునేవాళ్లకి వెయ్యి డాలర్లు వెనక్కొస్తాయి" అని.
కొట్టాను. వచ్చాయి కూడా, పదకొండు రోజుల్లో.
నువ్వు ఇక్కడి మనిషివేనా అని అది అడిగిందేమో,
తొందర్లో ఔనన్నానేమో.
కుర్చీ వీపుకి వేలాడుతున్న ఈ ఆవపిండి రంగు కోటు
ఆ డబ్బుతో కొన్నదే.

"ఇది నీకు వచ్చేది కాదు" అంది లోర్నా.
కోటు వైపు చూశాను.
ఆమె అన్నది క్రెడిట్ గురించి.

దొంగతనం కాదట, తప్పు లెక్కట.
దిద్దుకునే ఫారం ఉంది, వాయిదాలున్నాయి, వడ్డీ కూడా ఉంది.
ఆదోనిలో మా లెక్కల టీచరు కరుణమ్మ
తప్పుని రబ్బరుతో చెరపనిచ్చేది కాదు,
అడ్డంగా గీత కొట్టించి
దాని కిందే మళ్లీ చేయించేది.
కిందే చేశాను. సంతకం పెట్టాను.

ఆఖరుది పలచటి ఫారం.
పోయినేడు ఈ దేశంలో ఉన్న రోజులు?
మూడువందల అరవై ఐదు.
అందులో లెక్కలోంచి తీసెయ్యమని నువ్వు కోరే రోజులు?
"అదే అంకె వెయ్యి" అంది.
"విద్యార్థికి ఐదేళ్లు అంతే. ఉన్నా ఉన్నట్టు కాదు."

పెన్ను ఆగింది.
జ్వరంతో కెమిస్ట్రీ పరీక్ష రాసిన మంగళవారం,
డైనింగ్ హాల్లో అర్ధరాత్రి దాకా పళ్లేలు తోమిన నవంబరంతా,
ఐస్ మీద జారి పడితే ఎవరో తాత
నా చెయ్యి కాక ముందు నా పుస్తకాలు ఏరిచ్చిన పొద్దు,
రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకమ్మాయి
ఇందీవర అని తడుముకోకుండా పిలిచిన ఆ ఒక్కరోజు.
అన్నీ తీసెయ్యమని
నేనే కోరాలి, నా చేతిరాతతో.

మూడు. ఆరు. ఐదు.

"కాపీ దాచుకో" అంది లోర్నా,
అప్పుడే వెనక కుర్రాడికి కుర్చీ చూపిస్తూ.

ఇంకా కట్టని వెయ్యి డాలర్లని భుజాలకి తొడుక్కుని
మెడదాకా గుండీలు పెట్టుకున్నాను.
బయట మంచు, గేటు దగ్గర గూడ్సు బండి.
ఊరుకోలేక పెట్టెలు లెక్కపెట్టాను.
నూట నాలుగు.
నేను చూసినవి కాబట్టి
ఒక్కటీ తీసెయ్యను.