పదిహేడో గడి

మున్సిపల్ ఆఫీసు నేలమాళిగలో
నలభై ఒక్క రిజిస్టర్లు.
అట్టలు ఉబ్బి, వెన్నులు విరిగి,
వెంటా నది పొంగిన ఏడు తాగిన నీళ్ళని
ఇంకా వాసనగా కక్కుతున్నాయి.
ఊళ్ళో చెట్టు కొట్టుకోడానికి ఇచ్చిన ప్రతి అనుమతీ అందులోనే.
వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని.
గంటకు ఇరవై.

తెర మీద పదహారు గడులు.
అడిగినవారు, వీధి, చెట్టు జాతి,
ఛాతీ ఎత్తున చుట్టుకొలత.
కారణం దగ్గర మాత్రం మన సొంత మాట చెల్లదు,
కిందికి జారే జాబితాలో ఉన్నవి ఐదే:
తెగులు, ప్రమాదం, కట్టడం, కరెంటు తీగలు, ఇతరం.

స్కైద్రీతె రాసినవి వాటిలో ఇమడవు.
ముప్పై ఏళ్ళు ఈ కుర్చీలో కూర్చున్న మనిషి.
ఊదా సిరా, ఎదురుగాలికి వంగినట్టుండే అక్షరాలు.
'నీడకి బంగాళాదుంప ఎదగట్లేదంటాడు. అబద్ధం. పక్కింటివాడి మీద కోపం.'
'కొంగపిల్లలు ఎగిరేదాకా ఆగమన్నాను.'
'వేర్లు బావిలోకొచ్చాయి. అడుగుతూ ఏడ్చింది. ఇచ్చాను.'
చదువుతాను.
ఇతరం అని నొక్కుతాను.
ఇతరం.
ఇతరం.
సాయంత్రం ఇంట్లో ఉల్లిపాయ తరుగుతుంటే
ఆ వేలికి స్పర్శ తెలియదు.

అక్టోబరులో ఒక మంగళవారం
టాలివాల్డిస్ అనే పెద్దాయన వచ్చాడు, టోపీ నుంచి నీళ్ళు కారుతూ.
ఇంటిముందు లిండెన్ చెట్టు కప్పు మీదికి ఒరుగుతోందట.
చిరునామా కొట్టాను.
తెర ఎర్రబడింది:
ఈ చెట్టు లేదు. 1994లో తొలగించారు.
చదివి వినిపించాను.
ఆయన కాసేపు ఆలోచించి,
"మరి లేని చెట్టు ఆకులు
నా చూరుగొట్టంలో ఎలా పడుతున్నాయమ్మా?" అన్నాడు.

వెళ్ళి చూశాం.
ఉంది.
వానలో నల్లగా, తాపీగా.
టేపు చుట్టాను: రెండొందల డెబ్బై నాలుగు.
రిజిస్టర్లో నూట నలభై.
పోయాక ఇంత ఒళ్ళు చేసినవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు.

అప్పటి ఇంటాయన అనుమతి తీసుకున్నాడట,
రంపం అరువిచ్చినవాడు మర్నాడే వెనక్కి అడిగాడట,
తర్వాత చలికాలం,
తర్వాత ఇంటాయనే లేడు.
ఎదురింటి ముసలావిడ కిటికీలోంచే చెప్పింది,
కిటికీ పూర్తిగా తెరవకుండా.

పేజీ తిరగేసి చూశాను. 'ఇచ్చాను' అనే ఉంది.
కొట్టారా లేదా అని
స్కైద్రీతె కూడా మళ్ళీ వెళ్ళి చూడలేదు.
ఇచ్చిన అనుమతిని చావు కింద జమకట్టింది కంప్యూటరు.
కాదు, నేను. గంటకు ఇరవై చొప్పున.

ప్రోగ్రామర్ రైటిస్‌కి ఫోన్ చేశాను.
ఒక్క గడి కావాలి.
"గడి అంటే గోడకి మేకు కాదండీ,
బడ్జెట్, కమిటీ, వసంతం దాకా ఆగాలి."
ఆగాను.
శనివారాలు మాత్రం ఆగలేదు.
రిజిస్టరు సంచీలో వేసుకుని వీధులు తిరిగాను.
బిర్చ్ ఉండాల్సిన చోట గ్యారేజీ.
ఓక్ ఉండాల్సిన చోట గుంట, గుంటలో సైకిలు.
నూట పన్నెండు చోట్లు చూస్తే తొమ్మిది బతికున్నాయి.
ఒక మేపుల్ కింద నిలబడి
క్షమించమని అనబోయి,
ఎవరో కుక్కతో వస్తుంటే ఊరుకున్నాను.

మార్చిలో వచ్చింది పదిహేడో గడి:
చూశారా? ఎవరు, ఏ రోజు?
పక్కనే చిన్న పెట్టె, ఉన్నది ఉన్నట్టు రాసుకోడానికి.
స్కైద్రీతెకి చెప్పాలని వాళ్ళింటికి వెళ్ళాను.
చెవికి చెయ్యి ఆనించి విని
"ఎన్ని అక్షరాలు పడతాయి?" అంది.
రెండొందలు.
"చాలవు," అని టీ పోసింది.

టాలివాల్డిస్ దరఖాస్తు ఇంకా నా బల్ల మీదే.
ఆయన తప్పేం లేదు. కప్పు నిజంగానే కారుతోంది,
కొమ్మ నిజంగానే వాలింది, ఆ ఫోటోలు నేనే తీశాను.
కారణం: ప్రమాదం. ఈసారి జాబితాలోనే దొరికింది.
సంతకం అయ్యాక ఒక పొద్దున రంపం వస్తుంది,
అరువుది కాదు.
పదిహేడో గడి ఖాళీగా ఉంటే
తెర నన్ను ముందుకు పోనివ్వదు.
ఆ రోజు నేను వెళ్ళి చూడాలి.