రెండు మీటర్ల గడి

ముందు చూరులు తీసేశాను.
తర్వాత మెట్లు, పిట్టగోడలు, నీళ్ల ట్యాంకులు.
మాసాపేట మిద్దెల మీద ఆరేసిన చీరలు సరేసరి.
కిటికీలు మూసే పని కూడా లేదు,
పెట్టెకు కిటికీలుండవు.

మధ్యాహ్నానికి కడపంతా
అగ్గిపెట్టెలు పేర్చినట్టు తయారైంది.
ఒక్కో ఇంటికి ఒక పొడవు, ఒక వెడల్పు, ఒక ఎత్తు.
ఎత్తు తెలియని చోట
అంతస్తుకు పదడుగులు వేసుకోమన్నాడు ఓబులేసు సారు.
"ఇంతకన్నా వివరంగా గీస్తే
ఈ కంప్యూటరు దసరా దాకా తిరుగుతాది.
గోడ ఉందా లేదా,
గాలికి కావాల్సింది అంతే గదా."

నిజమే.
గాలికి ఇంటిపేరు అక్కర్లేదు.

పాలకొండల వైపు నుంచి సాయంత్రపు గాలిని వదిలాను,
సెకనుకు రెండు మీటర్లు.
నీలం గీతలై దిగి వచ్చి
బుగ్గవంక గట్టున కాస్త వేగం అందుకొని
ఏడురోడ్ల దగ్గర ఎటు పోవాలో తెలీక తిరిగి
నాగరాజుపేట పెట్టెల మధ్య ఆగిపోయింది.
అక్కడ తెర మీద ఎరుపు,
కొలిమిలోంచి అప్పుడే తీసిన కర్రు ఎరుపు.
రాత్రి ఎనిమిదైనా ఆరదు.
పగలంతా తాగిన ఎండను
ఒక్క గుక్కలో కక్కే అలవాటు లేదు నల్లబండకు.
మా నాయన బండల గనిలో పనిచేసినవాడు.
రాత్రిపూట ఆయన అరచేతులూ అంతే.

ఒక్క సందులో మాత్రం
ఎరుపు నడుమ సన్నటి ఆకుపచ్చ చీలిక.
తప్పేమోనని మూడుసార్లు నడిపించాను.
మూడుసార్లూ అక్కడే.

మే నెలలో ఒక సాయంత్రం
థర్మామీటరు పట్టుకొని పోయాను.
సరిగ్గా ఆ చీలిక మొదట్లో
ఇస్త్రీ బండి. దస్తగిరమ్మ.
బొగ్గులు విసురుతూ నా చేతిలోది చూసి
"కరెంటోళ్లా?" అనింది.
గాలి కోసం వచ్చానన్నాను.
"గాలికి మిషనెందుకు నాయనా?
పదారేండ్ల నుంచి ఈడనే బండి పెట్టుకుంటాండా.
ఈ మూల తప్ప యాడ నిలబడినా
పొగ మొగానికే కొడతాది."

నా లెక్క ముప్పైయెనిమిదిన్నర అంది.
థర్మామీటరు నలభై దగ్గర నిలబడింది.
ఆ ఒకటిన్నర డిగ్రీ ఎవరిదో
ఆమె ఇస్త్రీపెట్టెను చూస్తే తెలిసింది.

ఇక, రాబోయే కాంప్లెక్సు.
నేను గీసిన అన్నిట్లో సులువైన పెట్టె అదే:
నాలుగు క్లిక్కులు, నాలుగు మూలలు,
పదహారు మీటర్ల ఎత్తు.
పెట్టీ పెట్టగానే ఆకుపచ్చ ఆరిపోయింది,
పక్కగదిలో ఎవరో దీపం తీసినట్టు.

మీటింగులో చూపించాను.
పన్నెండడుగులు తూర్పుకు జరిపితే చాలు సార్, అన్నాను.
"బొమ్మలో కిటికీలే లేవు, దీన్నెట్లా నమ్మేది?"
అన్నారొకరు.
ఎరుపు కొంచెం తగ్గించు, పేపరోళ్లు చూస్తారు,
అన్నారింకొకరు.
ఓబులేసు సారు అద్దాలు తుడుచుకున్నాడు.
టీలు వచ్చేసరికి పన్నెండు ఐదైంది,
కప్పులు తీసేసరికి
ఆ ఐదు కూడా "పరిశీలించబడును" అయింది.

ఆ రాత్రి ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చొని
సందు మొదట్లో ఇంకో పెట్టె గీయబోయాను.
నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు,
ఎత్తు నడుము దాకా,
లోపల కాస్త నిప్పు.
తెర మీద ఒక వాక్యం వచ్చింది:
గడి కొలత రెండు మీటర్లు.
అంతకన్నా చిన్నవి లెక్కలోకి రావు.

గడిని సగం చేశాను. రాలేదు.
ఇంకా సగం చేశాను.
కంప్యూటరు ఫ్యాను రొద పెట్టడం మొదలైంది.
పట్టే సమయం: పంతొమ్మిది రోజులు.

తిరగనీలే అనుకొని
లైటార్పి, తలుపు దగ్గరగా వేశాను.
మళ్లీ వెనక్కొచ్చి, వేడెక్కుతుందేమోనని
కిటికీ ఒకటి తెరిచిపెట్టాను.