ఐదో బెజ్జం

తొమ్మిది మందిల ఎనిమిది మంది
నా దిక్కు మొఖం పెట్టి నిలవడతరు.
నేనొక్కణ్ణే వాళ్ళ దిక్కు.
క్యాచర్ అంటె గంతే,
మోకాళ్ళు ముడిచి కూసోని
అందరి మొఖాలు లెక్కవెట్టుకునేటోడు.

శనివారం పొద్దుగాల
హన్మకొండ గ్రౌండుల సున్నం గీతలు ఇంక తడి.
యూరియా సంచులల్ల ఇసుక నింపి మూడు బేసులు,
నాలుగోది లారీ టైరు కోసి చేసింది.
మంచిర్యాల పోరగాండ్లు కాజీపేటల రైలు దిగి
రెండు ఆటోలల్ల ఇరికి వచ్చిండ్రు.
వాళ్ళ మాస్కు రైల్లనే మర్సిండ్రట.
మాకున్నది ఒక్కటే.
కొంరయ్య సారు తలకాయ గోక్కోని
"ఫీల్డింగు ఎవలదైతె వాళ్ళు పెట్టుకోరి" అన్నడు.

గట్ల మొదలైంది ఇచ్చుడు, తీస్కునుడు.
ఇన్నింగ్సు మారంగనే నేను విప్పాలె,
వాని చేతుల పెట్టాలె.
నా తల చిన్నది, పట్టీకి మూడో బెజ్జం.
వానిది ఐదో బెజ్జం.
లోపటి మెత్త మీద నా చెమట,
దాని మీద వాని చెమట,
వాని కొబ్బరినూనె వాసన.
పేరు అడుగలే.

మొదటి ఆట తొమ్మిది మూడు, మాదే.
ఆ పూట ఓదెలు చేతిల బంతి
చెప్పినట్టు ఇన్నది.
రెండు వేళ్ళు చూపిస్తె వంకర తిరిగింది,
ఒక్క వేలు చూపిస్తె సక్కగ అచ్చింది.
గోడ మీది పిలగాండ్లు
"బ్యాటు కింద పారేసి ఎందుకు ఉరుకుతున్నరే?" అనుకుంట
ఎవలు గెలిచిండ్రో తెల్వకనే చప్పట్లు కొట్టిండ్రు.
సారు మాత్రం గంట సేపు తిట్టిండు.

పగటాల రెండోది.
దాని సంగతి అడుగకుండ్రి.
సరే, ఒకటి, పన్నెండు.
హరిలాల్ చేతులకెల్లి మూడు బంతులు జారినయి,
అజ్మత్ కండ్లల్ల ఎండ,
ఓదెలు భుజం లేవకచ్చింది.
మొఖాలు చూసుడే గద నా పని,
ఏ మొఖం ఎప్పుడు ఓడిందో
స్కోరు కన్న ముందే నాకెర్క.
గెలిస్తె తిట్టినాయన
ఓడితె మిర్చిబజ్జీలు కొనిచ్చిండు.
హరిలాల్ తినలే.
వాని పొట్లం సుత అజ్మతే తిన్నడు,
దోస్తానా అంటె గట్లనే ఉంటది.

రాత్రి, శివనగర్ల సారంగపాణి ఇల్లు.
బంతి కుట్లు ఊడితె
వాళ్ళ తాత మైనం రాసిన దారం తీసిండు.
మిల్లుల ముప్పై ఏండ్లు పోగులు కలిపిన వేళ్ళు.
"గెలిచిండ్రా, ఓడిండ్రా?"
"రెండు, తాతా."
"రెండెట్లయితయిరా?"
మేం చెప్పేలోపటనే
దారం పంటితోటి కొరికి, బంతి చేతుల పెట్టిండు.

ఆదివారం ఆఖరి ఇన్నింగ్సు.
ఐదు నాలుగు, వాళ్ళదే పైచేయి.
ఇద్దరు ఔటు. మూడో బేసు మీద నేను.
సారంగపాణి కొట్టిండు,
కొట్టుడంటె ఏం కొట్టుడు, బ్యాటు బంతికి తాకిందంతె.
ఉరికిన.
ఎక్కణ్ణో గూడ్సు కూత,
నోట్లె దుమ్ము,
ముంగట టైరు ముక్క, దానికి అడ్డం వాడు,
నా మాస్కుల వాని కండ్లు.

నా కాలు టైరుకు తాకిందో,
వాని చేతిల బంతి నాకు తాకిందో,
ఏది ముందో నాకు సుత తెల్వది.
అంపైరు పిడికిలి ఎత్తిండు.

ఒకటి గెలిచి రెండు ఓడినం.
తెల్లారి పేపర్ల రెండు లైన్లు వచ్చినయి,
అండ్ల బేస్‌బాల్ బాస్కెట్‌బాల్ అయ్యింది.

నేను చెప్పేది గది కాదు.
దుమ్ములకెల్లి నేను లేవకముందే
వాడు పట్టీ విప్పి మాస్కు నా ముంగట పెట్టిండు.
అలవాటు.
నేను సుత చెయ్యి చాపి తీసుకున్న,
తలకు పెట్టుకోబోయిన.
ఆట అయిపోయిందని
ఇద్దరికి ఒక్కసారే యాదికచ్చింది.
"మల్లారి" అన్నడు, నవ్వాల్నో వద్దో తెల్వక.
పేరట.
నాది చెప్పేలోపు వాళ్ళ ఆటో హారన్ కొట్టింది.

మంగళవారం ప్రాక్టీసుకు పెట్టుకుంటె
మాస్కు ముక్కు మీదికి జారింది.
ఓదెలు బంతి పట్టుకోని చూస్తున్నడు.
ఐదో బెజ్జం.
జెర ఆగు, అన్న.
ఎంత సేపు ఆగుమన్ననో నాకే తెల్వది.