రాగిపిండి విత్తనమా?

గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబు రిజిస్టరు
వెనక పేజీలో ఓడ బొమ్మ గీసినాను.
నూరుమంది పట్టే చిన్న ఓడ.
పెద్ద ఓడలు దూరలేని చోట్లకు పోతుందంట,
మా గిరింపేట సందుల్లో ఆటో మాదిరి.

అమ్ములు ఎదురుగా కూర్చోని
సంగటి ముద్ద చల్లారబెడతా అడిగింది:
"అక్కా, ఆడ చూసేదానికి ఏముండాది?"
ఏమీ లేదన్నాను.
ఊరు లేదు, రేవు లేదు, టీ బంకు లేదు.
మంచు, గాలి,
నిలబడి మనల్నే వింతగా చూసే పక్షులు.
"ఏమీ లేనిదానికి ఇంత దుడ్డా?"

దుడ్డు లెక్క ఇంకో పేజీలో ఉండాది.
గ్రాట్యుటీ, రెండు చీటీలు, కమ్మలు.
కమ్మల దగ్గర పెన్సిలు ఆగింది.
మళ్ళీ కదిలింది.

ముప్పై ఒక్క ఎండాకాలాలు
తోతాపురి గుజ్జు చుక్కను అద్దం మీదేసి
తీపెంతో చూసి రాసినదాన్ని.
నేను సరేనంటేనే పీపాకు మూత.
మూత మీద ఊరిపేరు: రోటర్‌డామ్, జెద్దా.
నోరు తిరగని పేరొకటి
వజ్రవేలు తప్పు రాస్తే
నేనే తుడిచి మళ్ళీ రాసినాను.
ఆ పీపాలు సముద్రం దాటినాయి.
నా చేతిరాత సముద్రం దాటింది.
నేను మాత్రం మెరీనాలో
మోకాళ్ళ దాకా.

అందుకే ఇప్పుడు కింది అంతస్తు గది.
గుండ్రటి కిటికీ, సరిగ్గా పీపా మూతంత.
ఇద్దరుంటే మనిషికి తక్కువ పడుతుంది.
అమ్ములు ఊ అనలేదు, ఊహూ అనలేదు.

ఫారంలో అడిగినారు: ఈత వచ్చునా?
పూతలపట్టులో మా మామ బావిలో
నడుముకు మునగబెండ్లు కట్టించి
మా అత్త ఒక్క తోపు తోసింది.
అంత రాసేదానికి గడిలో చోటు లేదు.
వచ్చు, అని రాసినాను.

చివరన చీమలంత అక్షరాలు:
గాలి ఒప్పుకుంటేనే దీవిలో దిగడం.
దిగలేకపోయినా డబ్బు వాపసు లేదు.
ఏజెంటు కుర్రోడు గొంతు తగ్గించి చదివినాడు,
చావు కబురు చెప్పినట్టు.
నాకు నవ్వొచ్చింది.
నాయనా, పూతను చూసి చీటీ పాడినోళ్ళం.
అర్ధరాత్రి గాలికి పిందె రాలే చప్పుడు విని
పడుకున్నచోటే లెక్క మార్చుకున్నోళ్ళం.
ఈ షరతు మాకు కొత్తా?

ఇంకొకటుండాది, అదే నన్ను నిద్రపోనీలేదు.
దీవిలో అడుగుపెట్టే ముందు
బూట్లు కడగాల, జేబులు తిరగేయాల,
మడతల్లో ఒక్క విత్తనమూ ఉండకూడదంట.
గడ్డిగింజ కూడా.
ఆ రాత్రే సంచి, స్వెట్టరు, శాలువా అన్నీ దులిపినాను.
ఒక ధనియం. రెండు నువ్వులు.
ఎప్పటిదో చింతగింజ పలుకు.
టెంకలు తీసి పారేసే చోట
ముప్పై ఒక్కేండ్లు పనిచేసినదాన్ని,
నా మీద ఇంకా ఇంత ఊరు
అంటుకోని ఉందని తెలీదు.

సాయంత్రం ఇద్దరం వంతెన మీదికి పోయినాం.
కింద నీవా నది.
ఇసుక, ముళ్ళకంప, దారితప్పిన మేక.
ఈ ఏటిపేరే ఒక ప్రశ్న మాదిరి ఉంటుంది,
ఎవరో తలుపు తీసి అడిగినట్టు:
నీవా?
నీళ్ళొచ్చినప్పుడు ఇది పొన్నై అయ్యి
పాలారులో కలిసి సముద్రానికి పోతుంది.
నీళ్ళు లేనప్పుడు కూడా
పోయే దారి అట్లే ఉంటుంది.

చింతగింజను ఏట్లోకి విసిరేసి
అమ్ములు చాలాసేపు కొంగు దులుపుకుంది.
ఒకసారి కాదు, రెండు పక్కలా,
కుట్లు విప్పదీసినంత శ్రద్ధగా.
ఆనక అడిగింది:

"అక్కా,
రాగులైతే విత్తనం.
రాగిపిండి విత్తనం కాదు గదా?"