దాక్కోని ఆట

కొండపి రోడ్డు పక్కన బ్యారన్ కాడ
రాత్రంతా పొయ్యికి కట్టెలేసేవాణ్ణి నేను.
పొగాకు పచ్చదనం వదిలి పసుపెక్కేదాకా
పసిబిడ్డకి ఒళ్లు కాలితే చూసుకున్నట్టు
థర్మామీటరు చూసుకుంటా కూచోవాలి.
నాకు కూడు పెట్టేది నిప్పే.
దాని గుణమూ నాకు తెలుసు:
కర్ర నుంచి ఒక్క ఆకు జారి
గొట్టం మీద పడితే చాలు,
తెల్లారేసరికి నాలుగు గోడలూ, మసీ.

ఎస్తేరుకి తొమ్మిది. తిమోతికి అయిదు నిండలా.
సీజను మొదలయ్యే ముందు ఆదివారం
చర్చి నుంచొచ్చి, కోడికూర తిని,
పిల్లకాయల్ని నడింట్లో కూచోబెట్టా.

"గ్యాసు వాసనొస్తే?"
"లైటెయ్యను నాన్నా, ఫ్యానూ వెయ్యను.
తలుపు బార్లా తీసి బయటికొచ్చి రాహేలత్తని పిలుస్తా."
వాక్యం అప్పజెప్పినట్టు చెప్పింది ఎస్తేరు.
"దోమల చక్రం యాడ పెట్టాల?"
"మంచం కింద మాత్రం కాదు.
దుప్పటికి దూరంగా, రేకు పళ్లెంలో."
"గౌనుకి అంటుకుంటే?"
ఉరకదంట. ఉరికితే మంటకి సంబరమంట.
మొహం కప్పుకొని నేల మీద దొర్లి చూపించింది.
తిమోతీ దొర్లాడు,
బియ్యం డబ్బాకి తల తగిలి ఏడ్చేదాకా.

పొగ పైపైన నడుస్తది,
మీరు కింద పాకాలని చెప్పి
కళ్లకి తువ్వాళ్లు కట్టా.
"నేనే పొగని" అంటా
వాళ్లమ్మ కొంగు విసిరింది.
గోడ తడుముకుంటా ఎస్తేరు వాకిట్లో తేలింది.
తిమోతి లేడు.
పిలిచాం. పలకలా.
మంచం కింద, ట్రంకుపెట్టెకి ఆనుకొని,
రెండు చేతులా నోరు మూసుకొని
నవ్వాపుకుంటా ఉండాడు.

నా వీపంతా చెమట.
ఏ పొయ్యి ముందూ అంత పట్టలా.
"దాక్కోకూడదురా అయ్యా.
దొంగాటలో నిన్ను అక్క కనిపెట్టలేకపోవచ్చు.
నిప్పు అందరికన్నా బాగా వెతుకుద్ది."

మళ్లీ ఆడాం. మళ్లీ.
నాలుగోసారికి వాడు
వీధి బోరింగు దాకా పాకి (అంతదాకా పాకక్కర్లేదు, అయినా పాకాడు)
చెయ్యెత్తాడు.

"బోరింగు ముట్టుకున్నాక ఇక ఇంట్లోకి రాకూడదు.
పుస్తకాల సంచి కోసం రాకూడదు.
కోడిపిల్ల కోసం రాకూడదు."
"నీకోసం?"

వాళ్లమ్మ విసరడం ఆపింది.
ఇరవై ఏళ్లు మంట ముందు కూచున్నోణ్ణి,
ఆ రెండు మాటలకి
నాకు నోరు పెగలడానికి ఎంత సేపు పట్టిందో.
"నాకోసం కూడా."

వాడు తలూపలా.
తువ్వాలు మెడలోకి లాక్కొని,
బోరింగు పిడి పట్టుకొని వేలాడి,
కింద బిందె ఉందో లేదో చూడకుండా
నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడు.