మేకపిల్ల పడిన బాయి

పటంలో తుగ్గలి దాటితే అంతా బూడిద రంగే.

"మేకపిల్ల పడిన బాయి కాడ ఎడమకి తిరుగు.
కుక్క మొరిగిందంటే మా ఇల్లు దాటినట్టే."
మద్దమ్మ చిరునామా అది.

పోయిన శ్రావణంలో అంబులెన్సు
రెండు మైళ్ల అవతల, ఎవరిదో ఆముదం చేను గట్టున ఆగి
హారను కొట్టి కొట్టి పోయింది.
కోడలిని మంచంతో సహా మోసినారు.
బిడ్డ దోవలోనే పుట్టింది.
ఏ దోవ అంటే, దానికీ పేరు లేదు.

బాయిని ఫొటో తీసినా.
రకం ఏందని అడిగింది ఫోను:
హోటలా, బ్యాంకా, పెట్రోలు బంకా?
నీళ్లు కూడా లేవు దాంట్లో, ఏమని చెప్పల్ల.
పేరు మాత్రం ఉన్నదున్నట్టు కొట్టినా.
ఎర్ర సూది దిగింది.

"సూది గుచ్చితే నొప్పి తగ్గల్ల కదా" అని
మద్దమ్మ నవ్వింది. బొరుగులు పెట్టింది.

మళ్లీ వారం, బిడ్డకు చుక్కల మందు రోజు, పోయినా.
సిగ్నలు లేదు.
బాయి కాడ తిరిగి పోతానే ఉన్నా, పోతానే ఉన్నా,
ఆముదం చేను వచ్చేదాకా.

కుక్క మొరగలేదు.
నన్ను గుర్తుపట్టింది.