నాలుగు రెక్కల నట్లు

కుళ్ళాయప్ప కారుకు ఎడమ పక్క
కుడి పక్క కన్నా అరంగుళం పెద్దది.
ఆ తప్పు నాదే.
నీళ్ల ట్యాంకులు పోసుకునే నాకు
పాత క్యాలెండరులో ఓ రేసు కారు చూపించి
"ఇట్లాంటిది పోయప్పా" అంటే
కంటితో కొలిచి అచ్చు కట్టాను.
పొర మీద పొర గాజునార, జిగురు,
మోచేతుల దాకా దురద.
లోపల మారుతి ఎనిమిదొందల గుండె,
పైకి మాత్రం దొరబాబు వేషం.

ఇప్పుడు దానికి ముందద్దం కావాలంట.
అదీ అంటుకుపోయేది కాదు,
తీసి పక్కన పెట్టుకునేది.
"బుద్ధి పుట్టినప్పుడు మొగానికి గాలి తగలల్ల,
పురుగులున్నప్పుడు తగలగూడదు."
ముప్పై ఏండ్లు ఆర్టీసీ బస్సు తోలినోడు.
అంత పెద్ద అద్దం వెనకాల కూర్చుని
గాలి చెట్లను ఊపడం చూశాడే గాని
ఎదురుగా తిన్నది లేదు.

కమలానగర్‌లో మూతబడ్డ చీరలంగడి బోర్డు,
దళసరి అక్రిలిక్కు పలక, దొరికింది.
అక్షరాలన్నీ బ్లేడుతో గీకేశాను.
మూలనున్న 'ళ' ఒక్కటి మొండికేసింది.
"ఉండనీలే, నా పేరులోదే" అన్నాడు.

వంచడానికి అయ్యంగార్ బేకరీ పొయ్యి.
రాత్రి పది దాటి రొట్టెలు దిగినాక
మిగిలిన వేడిలో పలక మెత్తబడి
అప్పడంలా వాలింది.
దుప్పటి పరిచిన అచ్చు మీద
ముగ్గురం ఊపిరి బిగబట్టి అదిమాం.
తెల్లారి బన్నులకు ప్లాస్టిక్కు వాసనొచ్చిందని
మాస్టరు హనుమేగౌడ
రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తూట్లు పొడిచే రోజు
పురికొస పట్టి నడిమధ్య వెతికాను.
టేపు చెప్పే మధ్య ఒకటి,
కన్ను చెప్పే మధ్య ఇంకొకటి.
కంటి మాటే విన్నాను.
తప్పు చేసింది అదే గనక
దిద్దే పనీ దానిదే.

ఫైబరు ఇనుము లాంటిది కాదు,
తొందర చేతిలో చిట్లిపోతుంది.
పైన టేపు అంటించి,
డ్రిల్లును ముందు వెనక్కి తిప్పి
రంగు పొరను మెల్లగా గీరి
అప్పుడు లోపలికి.
అడుగున అల్యూమినియం పట్టీ,
సైకిలు ట్యూబు కోసి చేసిన వాషర్లు,
నాలుగు బోల్టులు, నాలుగు రెక్కల నట్లు.
"వేళ్లతోనే బిగించు,
స్పానరు పెట్టినావంటే నా ఒళ్లు పగులుతుంది"
అన్నాను.
నా ఒళ్లు అన్నానా?
అతను నవ్వాడు. నేను దిద్దుకోలేదు.

ఆషాఢం గాలికి రేకులు లేస్తున్న పొద్దున
నార్పల రోడ్డెక్కాం.
మొదట అద్దం లేకుండా.
కళ్లలోంచి నీళ్లు చెవుల దాకా పాకుతుంటే
"దుమ్మప్పా" అన్నాడు.
రోడ్డు మీద అంత దుమ్మేం లేదు.
తరవాత ఆపి బిగించాం.
గాలి తల మీదుగా వెళ్లిపోయింది,
ఇంజను చప్పుడు మళ్లీ మా దగ్గరికొచ్చింది.
ఎదురెండలో 'ళ' నీడ
అతని చొక్కా మీద పడి
రోడ్డు తిరిగినప్పుడల్లా
ఒక గుండీ నుంచి ఇంకో గుండీకి నడిచింది.

"వైపరేదీ?" అని పొద్దున ఎవరో అడిగితే
అనంతపురంలో వైపరా అని
ఇద్దరం పడిపడి నవ్వాం.
తిరుగు దారిలో, బుడ్డల చేల మధ్య,
దారి కనపడనంత వాన.

కారు ఆపాడు.
నాలుగు నట్లు విప్పాం, వేళ్లతోనే.
చెరో కొసా పట్టుకుని
అద్దాన్ని నెత్తి మీదికెత్తుకుని నిలబడ్డాం.
బస్సు అద్దం మీద వాన
లెక్కలేనన్ని సార్లు చూశాడట,
కింది నుంచి చూడ్డం ఇదే మొదలట.
మెడ నొప్పి పుట్టేదాకా దించలేదు.

ఒక వాషరు బురదలో పడి దొరకలేదు.
కారులో సీట్ల దాకా నీళ్లు నిలిచాయి.
ట్యాంకులు పోసే చేతులు గదా,
ఒక్క చుక్క కారలేదు.